క్లోరిన్‌కి ఆ అర ఎక్కణ్ణించి వచ్చింది?



మూలకాల పట్టికలో పదిహేడో గడి మీద వేలు పెట్టండి. క్లోరిన్. పరమాణు సంఖ్య 17, పరమాణు భారం 35.5. (కొన్ని పుస్తకాల్లో 35.45 అని ఉంటుంది. దాని సంగతి తర్వాత చూద్దాం.) ఇప్పుడు మనకి బాగా అలవాటైన లెక్క చేద్దాం. బరువు అంకెలోంచి పరమాణు సంఖ్య తీసేస్తే న్యూట్రాన్లు ఎన్నో వస్తాయి అని నేర్చుకున్నాం కదా. 35.5 లోంచి 17 తీసేస్తే 18.5. అంటే పద్ధెనిమిదిన్నర న్యూట్రాన్లు!

అర న్యూట్రాన్ అనేది ఎక్కడా లేదు. ఉంటే ఒకటి ఉంటుంది, లేకపోతే లేదు. మరి ఈ లెక్క ఎందుకిలా వచ్చింది? పరీక్షలో కొందరు 18 అని రాస్తారు, కొందరు 19 అని రాస్తారు. 18 అని రాసినవాళ్ళకి మార్కు పడొచ్చు గాని, ఎందుకు 18 అంటే మాత్రం నోరు మెదపరు. ఈ అర గురించి పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే వందేళ్ళపాటు తగువులాడుకున్నారు. కాబట్టి మనకి అర్థం కాకపోతే సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఆ తగువు ఎలా తీరిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు పాత పాఠం ఒకసారి

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది. అందులో ధనావేశం ఉన్న ప్రోటాన్లు, ఏ ఆవేశమూ లేని న్యూట్రాన్లు ఉంటాయి. బయట ఋణావేశం ఉన్న ఎలక్ట్రాన్లు. కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ 1911లో చెప్పాడు. న్యూట్రాన్‌ని చాడ్విక్ 1932లో కనుక్కున్నాడు. ఈ రెండు సంవత్సరాలూ గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తాయి.

కేంద్రకం ఎంత చిన్నదంటే, క్లోరిన్ కేంద్రకాన్ని రేగ్గింజంత చేశామనుకుంటే, దాని పరమాణువు అంచు వంద మీటర్లు దాటి ఎక్కడో ఉంటుంది. మధ్యలో అంతా ఖాళీయే. అయినా బరువంతా ఆ గింజలోనే ఉంది. ఒక ప్రోటాన్‌తో సరితూగాలంటే 1,836 ఎలక్ట్రాన్లు కావాలి. అందుకే పరమాణువు బరువు లెక్కలో ఎలక్ట్రాన్లని మనం పట్టించుకోం.

మూలకానికి పేరు ఇచ్చేది ప్రోటాన్ల సంఖ్య. 17 ప్రోటాన్లుంటే క్లోరిన్, 18 ఉంటే ఆర్గాన్, 19 ఉంటే పొటాషియం. న్యూట్రాన్లు ఎన్ని ఉన్నా పేరు మారదు. ఈ ఒక్క వాక్యంలోనే మన ప్రశ్నకి జవాబు దాక్కుని ఉంది. ఇంట్లో మనిషి లావైనా సన్నబడ్డా ఇంటిపేరు మారదు కదా, అట్లాగన్నమాట.

తగువు

ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో జాన్ డాల్టన్ అనే పంతులుగారు 1808లో ఒక పుస్తకం అచ్చువేశారు. పదార్థం అంతా పరమాణువులే అన్నారు. ఒక మూలకం పరమాణువులన్నీ ఒకే బరువు, ఒకే గుణం అన్నారు. మన పుస్తకంలో 'డాల్టన్ పరమాణు సిద్ధాంతం' కింద ఉన్న పాయింట్లలో ఇదొకటి. అందరూ బట్టీ పట్టేదే.

1815లో లండన్ వైద్యుడు విలియం ప్రౌట్‌కి ఒక ఆలోచన తట్టింది. చాలా మూలకాల భారం హైడ్రోజన్ భారానికి సరిగ్గా ఇన్ని రెట్లు అన్నట్టు కనబడుతోంది. కార్బన్ 12, ఆక్సిజన్ 16. అయితే అన్ని పరమాణువులూ హైడ్రోజన్ ముక్కలతోనే కట్టినవేమో! ఒకే రకం ఇటుకలతో బడీ కట్టొచ్చు, వంటశాలా కట్టొచ్చు. ఎంత చక్కని ఆలోచన!

దాన్ని పాడుచేసింది క్లోరిన్. 35 కాదు, 36 కాదు, 35.5 దగ్గర కూర్చుంది. కాటా తప్పేమో అన్నారు. బెల్జియం శాస్త్రజ్ఞుడు స్టాస్ ఏళ్ళ తరబడి ఎంతో జాగ్రత్తగా తూచాడు. ఎంత శుద్ధి చేసినా, ఎంత మంచి కాటా పెట్టినా ఆ అర పోలేదు. ప్రౌట్ చెప్పింది ఉత్త కల అని స్టాస్ తేల్చేశాడు. పాపం, ప్రౌట్ మాట మూలపడింది.

1886లో విలియం క్రూక్స్ ఒక సభలో చిత్రమైన ఊహ చెప్పాడు. ఒక మూలకంలో అన్ని పరమాణువులూ ఒకే బరువు కాకపోవచ్చు, మనం చూస్తున్న అంకె వాటి సగటేమో అన్నాడు. మంచి ఊహే. కాని చేతిలో రుజువు లేదు. రుజువు లేని ఊహకి సైన్సులో కూర్చోడానికి చాప కూడా వెయ్యరు.

నలుగురు పిల్లల గది

క్రూక్స్ మాట అర్థం కావడానికి హాస్టల్ లెక్క ఒకటి చేద్దాం. ఒక గదిలో నలుగురున్నారు. ముగ్గురు 35 కిలోలవాళ్ళు, ఒకడు 37 కిలోలవాడు. నలుగురినీ ఒకేసారి పెద్ద కాటా ఎక్కించండి. 35 + 35 + 35 + 37 = 142 కిలోలు. నాలుగుతో భాగిస్తే 35.5.

ఆ గదిలోకి వెళ్ళి 35.5 కిలోల పిల్లవాడు ఎవరని అడగండి. ఎవడూ చెయ్యెత్తడు. అలాంటివాడు లేనే లేడు. అది సగటు, మనిషి కాదు.

క్లోరిన్ సంగతి అచ్చం ఇదే. 35.5 బరువున్న క్లోరిన్ పరమాణువు ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. 35 బరువువి, 37 బరువువి ఉన్నాయి. నాలుగింట దాదాపు మూడు 35, ఒకటి 37. మొదటిదానిలో 17 ప్రోటాన్లు, 18 న్యూట్రాన్లు. రెండోదానిలో 17 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు. అర న్యూట్రాన్ ఎక్కడా లేదు. రెండిటికీ 17 ప్రోటాన్లే కాబట్టి రెండూ క్లోరినే. పట్టికలో ఇద్దరిదీ ఒకటే గడి. ఇలాంటివాటినే ఐసోటోపులు అంటారు. ఆ పేరుకి గ్రీకు భాషలో 'ఒకే చోటు' అని అర్థం. 1913లో ఫ్రెడరిక్ సాడీకి ఈ పేరు సూచించింది మార్గరెట్ టాడ్ అనే డాక్టరమ్మ. పేరు ఆమెది, నోబెల్ సాడీది! (సాడీ నోబెల్ ఒక్క పేరుకే రాలేదనుకోండి, చాలా పని చేశాడు.)

పాతకాలం రసాయన శాస్త్రజ్ఞుల దగ్గర ఒక్కొక్క పరమాణువుని ఎక్కించే కాటా లేదు. 35.5 గ్రాముల క్లోరిన్‌లో 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని పరమాణువులుంటాయి. అన్నిటినీ ఒకేసారి తూచారు, సగటు తెలిసింది. స్టాస్ కాటా తప్పు చెప్పలేదు. అడిగినదానికి నిజమే చెప్పింది. కాని అడిగిన ప్రశ్న వేరు.

ఇక్కడ చిన్న మాట. సగటు పనికొచ్చేదే గాని మోసం కూడా చేస్తుంది. రిజిస్టరులో తరగతి సగటు బరువు బాగానే కనబడొచ్చు. అందులో ఒకడు నెలనెలా చిక్కిపోతూ ఉండొచ్చు. ఒక్కొక్కరినీ విడిగా కాటా ఎక్కిస్తేనే తెలిసేది. ఇది వార్డెన్ సార్లకి, మేడంలకి మాకన్నా బాగా తెలుసు.

తూర్పారబట్టే యంత్రం

మరి పరమాణువుల్ని ఒక్కొక్కటిగా ఎలా తూచేది? చిమ్మెట్లతో పట్టుకునేవి కావు కదా.

కళ్ళంలో మన అమ్మలు వడ్లు తూర్పారబట్టడం అందరం చూసిందే. చేట ఎత్తి పట్టుకుని గాలికి వదులుతారు. గట్టిగింజ తిన్నగా కాళ్ళ దగ్గర పడుతుంది. తాలు గింజ కొంచెం పక్కకి పోతుంది. పొట్టు ఇంకా దూరం కొట్టుకుపోతుంది. ఎవరూ గింజ గింజా తూచలేదు. అయినా బరువు ప్రకారం విడిపోయాయి. పడ్డ చోటు చూస్తే బరువు తెలుస్తుంది. ద్రవ్యరాశి స్పెక్ట్రోమీటర్ అనే పెద్ద పేరున్న యంత్రం చేసే పని ఇదే. దానికి గాలి బదులు అయస్కాంతం.

అయితే ఒక తేడా ఉంది, అది తెలియకపోతే బొమ్మ గీసినా అర్థం కాదు. గాలి అన్నిటినీ తోస్తుంది. అయస్కాంతం అలా కాదు, ఆవేశం ఉండి కదులుతున్నవాటినే వంచుతుంది. మామూలు పరమాణువులో ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు సమానం కాబట్టి ఆవేశం సున్నా. అది అయస్కాంతం ముందునించి తలొంచకుండా తిన్నగా పోతుంది. అందుకని ముందు దాన్ని అయాన్‌గా మార్చాలి.

పని ఇలా జరుగుతుంది. మొదట యంత్రంలో గాలంతా పంపుతో లాగేస్తారు. లేకపోతే మన అయాన్లు దారిలో గాలి అణువులకి గుద్దుకుని ఎటో పోతాయి. తర్వాత క్లోరిన్ వాయువుని కొద్దిగా లోపలికి వదిలి, వేగంగా వచ్చే ఎలక్ట్రాన్లతో కొడతారు. ఆ దెబ్బకి పరమాణువులోంచి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. మిగిలింది ఒక ధనావేశం ఉన్న అయాన్. ఊడిన ఎలక్ట్రాన్ బరువు లెక్కలోకి రాదని పైనే అనుకున్నాం. అప్పుడు ఎక్కువ వోల్టేజి ఉన్న లోహపు పలకలు ఈ అయాన్లని ముందుకి లాగి ఒక సన్నని చీలికలోంచి దూకిస్తాయి. అన్నిటికీ ఒకే శక్తి అందుతుంది. ఒకే శక్తి అంటే తేలికైనది ఎక్కువ వేగంతో పోతుంది, బరువైనది కొంచెం నెమ్మదిగా పోతుంది. తర్వాత అయస్కాంతం. అక్కడ అయాన్ల దారి వంగి వృత్తంలా తిరుగుతుంది. తేలికైనది ఎక్కువ వంగుతుంది, అంటే దాని వృత్తం చిన్నది. బరువైనది తక్కువ వంగుతుంది. చివర ఒక ఫొటో పలక గాని, కరెంటు కొలిచే సాధనం గాని పెడితే, ఏ బరువువి ఎక్కడ పడ్డాయో, ఎన్ని పడ్డాయో తెలిసిపోతుంది.

ఎంత దూరంలో విడిపోతాయో లెక్క కూడా వేద్దాం. వృత్తం వ్యాసార్ధం బరువు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 37ని 35తో భాగించి వర్గమూలం తీస్తే 1.028. క్లోరిన్-35 పది సెంటీమీటర్ల వ్యాసార్ధంతో తిరిగిందనుకుంటే, క్లోరిన్-37 పది సెంటీమీటర్ల మీద 2.8 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. అర్ధవృత్తం తిరిగొచ్చేసరికి రెండూ పడే చోట్ల మధ్య 5.6 మిల్లీమీటర్లు. మన స్కేలుతో కొలవగలిగినంత! కంటికి ఏ సూక్ష్మదర్శినితోనూ కనబడని తేడాని అర అంగుళంలో సగం చేసి చూపిస్తోంది. నాకైతే ఈ పాఠం మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

ఒక మెలిక ఉంది. వంగడం బరువు ఒక్కదాని మీదే కాదు, ఆవేశం మీద కూడా ఉంటుంది. యంత్రానికి నిజంగా తెలిసేది బరువుని ఆవేశంతో భాగిస్తే వచ్చే అంకె. దెబ్బ గట్టిగా తగిలి క్లోరిన్-35కి రెండు ఎలక్ట్రాన్లు ఊడితే, అది 17.5 దగ్గర పడుతుంది. అంటే యంత్రంలో 'అర' కనబడొచ్చు. అది అర న్యూట్రాన్ కాదు, రెండు ఆవేశాలు. ఎవరైనా మాస్టారు ఇది ప్రశ్నగా ఇస్తే తడబడకండి.

ఆస్టన్ చేసిన పని

ఈ దారి మొదలుపెట్టింది కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్. 1897లో ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నది ఈయనే. 1912లో నియాన్ వాయువుని ఇలా వంచి ఫొటో పలక మీద పడేస్తే 20 దగ్గర ఒక గీత పడింది. దాంతోపాటు 22 దగ్గర మసకగా ఇంకోటి. పుస్తకంలో నియాన్ భారం 20.2. ఆ రెండో గీత ఏమిటో చెప్పడం థామ్సన్‌కే కష్టమైంది, ఏదో కొత్త సమ్మేళనమేమో అని కూడా అనుకున్నాడు.

ఆయన సహాయకుడు ఫ్రాన్సిస్ ఆస్టన్ దాన్ని వదల్లేదు. నియాన్ వాయువుని మట్టి గొట్టాల సన్నని రంధ్రాల్లోంచి మళ్ళీ మళ్ళీ పంపించాడు. తేలికైనది ముందు పోతుంది కదా, విడదీద్దామని. ఎంతో శ్రమపడితే వచ్చిన తేడా పిసరంత. ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. యుద్ధం అయ్యాక తిరిగొచ్చి 1919లో కొత్త యంత్రం కట్టాడు. విద్యుత్ క్షేత్రంతో ఒకసారి, అయస్కాంతంతో ఇంకోసారి వంచి, ఒకే బరువువన్నీ ఒకే గీత మీద పడేలా చేశాడు. దానికి ద్రవ్యరాశి స్పెక్ట్రోగ్రాఫ్ అని పేరు.

నియాన్ పెట్టాడు. 20, 22. పదింట తొమ్మిది 20, ఒకటి 22 అనుకుని సగటు తీయండి, 20.2 వస్తుంది. తర్వాత క్లోరిన్ పెట్టాడు. 35 దగ్గర గీత, 37 దగ్గర గీత. 35.5 దగ్గర? ఏమీ లేదు. ఖాళీ పలక.

వందేళ్ళ తగువు ఆ ఖాళీ చోటుతో తీరింది. ప్రౌట్ మాటలో సగం నిజం ఉంది, పరమాణువుల బరువులు దాదాపు పూర్ణాంకాలే. స్టాస్ తూకమూ నిజమే. తప్పింది డాల్టన్ పాయింటు, ఒక మూలకం పరమాణువులన్నీ ఒకే బరువు అన్నది. అయినా డాల్టన్‌ని తీసి పారెయ్యక్కర్లేదు, ఆయన లేకపోతే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఆస్టన్‌కి 1922లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన తన జీవితంలో రెండు వందలకు పైగా ఐసోటోపుల్ని కనుక్కున్నాడు.

ఇప్పుడు పైన గుర్తుపెట్టుకోమన్న సంవత్సరాలు తీయండి. ఆస్టన్ 35, 37 చూసింది 1919లో. న్యూట్రాన్ దొరికింది 1932లో. అంటే తేడా ఉందని తెలిసిన పదమూడేళ్ళకి గాని ఆ తేడా దేనివల్లో తెలియలేదు! మన పుస్తకంలో ముందు న్యూట్రాన్, తర్వాత ఐసోటోపు అని పాఠం ఉంటుంది. నిజంగా జరిగింది తలకిందులు.

మిగిలిన చిక్కులు

35.45 సంగతి చెప్తానన్నాను. క్లోరిన్-35 నూటికి 75.77, క్లోరిన్-37 నూటికి 24.23. సరిగ్గా మూడుకి ఒకటి కాదు, కొంచెం తేడా. 35, 37 పెట్టి గుణిస్తే 35.48 వస్తుంది. ఇంకా తేడా ఎందుకంటే వాటి అసలు బరువులు కూడా 34.969, 36.966. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కేంద్రకంలో కలిసి అతుక్కునేటప్పుడు కొంచెం బరువు శక్తిగా బయటికి పోతుంది. ఈ బరువులు పెట్టి లెక్కవేస్తే 35.45 దిగుతుంది. పదో తరగతికి 35.5 చాలు.

క్లోరిన్ వాయువులో పరమాణువులు జంటలుగా ఉంటాయి. విడగొట్టకుండా జంటగానే తూస్తే ఎన్ని గీతలు వస్తాయి? రెండని అనేస్తారు. కాదు, మూడు. నలుగురు పిల్లల గది ఇంకోటి తీసుకోండి, అందులోనూ ముగ్గురు 35, ఒకడు 37. ఈ గదిలో ఒకడు, ఆ గదిలో ఒకడు చొప్పున జత కట్టండి. నాలుగు నాలుగులు పదహారు రకాలు. ఇద్దరూ 35 అయ్యే జతలు 9, బరువు 70. ఒకడు 35, ఇంకొకడు 37 అయ్యేవి 6, బరువు 72. ఇద్దరూ 37 అయ్యేది ఒకే ఒక్కటి, బరువు 74. కాబట్టి మూడు గీతలు, వాటి ఎత్తులు 9 : 6 : 1. సగటు తీసి చూసుకోండి, సరిగ్గా 71 వస్తుంది. అంటే 35.5కి రెట్టింపు.

మరి ఈ రెండు రకాల క్లోరిన్‌కి గుణాల్లో తేడా ఉందా? రసాయన చర్య చేసేది బయటి ఎలక్ట్రాన్లు. రెండిటికీ 17 ఎలక్ట్రాన్లే. అందుకే రుచిలో, రంగులో, చర్యలో తేడా మనకి తెలీదు. మధ్యాహ్నం పప్పులో వేసిన ఉప్పులో కూడా నాలుగింట మూడు క్లోరిన్-35, ఒకటి క్లోరిన్-37. రోజూ తింటూనే ఉన్నాం.

హైడ్రోజన్ మాత్రం కొంచెం వేరు. అక్కడ ఒక న్యూట్రాన్ చేరితే బరువు ఏకంగా రెట్టింపవుతుంది. దాన్ని డ్యుటీరియం అంటారు. నీళ్ళలో సుమారు ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువులకి ఒకటి ఇదే. దాన్ని విడదీసి చేరిస్తే భారజలం వస్తుంది, లీటరు కిలో మీద వంద గ్రాములు తూగుతుంది. దీన్ని తయారుచేసే కర్మాగారం భద్రాచలానికి దగ్గర్లోనే, మణుగూరు పక్క అశ్వాపురంలో 1991లో మొదలైంది. గోదావరి నీళ్ళలోంచే తీస్తారు. అణు విద్యుత్ కేంద్రాలకి అది కావాలి.

మన రక్తంలో ముప్పై

బరువులో చిన్న తేడా తెలిస్తే మనకేం ఒరుగుతుంది అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళకోసం ఇది.

సికిల్ సెల్ వ్యాధి పేరు మనందరం విన్నాం. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. మన ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు వైపు గూడేల్లో కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో దీన్ని నిర్మూలించే కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్ళలోపు వాళ్ళందరికీ రక్తపరీక్ష చెయ్యాలనేది అందులో భాగం.

రక్తంలో హీమోగ్లోబిన్ ఉంటుంది. అందులో ఒక గొలుసు పేరు బీటా. 146 అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చినట్టుంటుంది. వాటిలో ఆరో పూస ఒక్కటి మారితే ఆ వ్యాధి. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంటుంది. ఈ సంగతి 1957 నాటికి తేల్చింది ఇంగ్రామ్ అనే శాస్త్రజ్ఞుడు. ఆయన పని చేసింది కూడా ఆస్టన్ పని చేసిన ఆ కావెండిష్ ప్రయోగశాలలోనే.

మామూలు బీటా గొలుసు బరువు 15,867. సికిల్ గొలుసు బరువు 15,837. తేడా 30. ఇంత పెద్ద అణువుని పగలగొట్టకుండా అయాన్‌గా మార్చే పద్ధతులు కనుక్కున్నందుకు ఫెన్, తనాకా అనే ఇద్దరికి 2002లో నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు రక్తపు చుక్కని పలచన చేసి ఆ యంత్రంలో పెట్టొచ్చు. వ్యాధి లేనివాళ్ళకి 15,867 దగ్గర బీటా గీత. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా సికిల్ జన్యువు వచ్చి వ్యాధి ఉన్నవాళ్ళకి 15,837 దగ్గర. ఒక్కరి నుంచే వచ్చినవాళ్ళని వాహకులంటారు, వాళ్ళకి రెండు గీతలూ వస్తాయి, క్లోరిన్‌కి వచ్చినట్టే! ఇక్కడ సగటు తీస్తే ఎందుకూ పనికిరాదు. ఇంగ్లండులో కొన్నిచోట్ల పుట్టిన పిల్లల రక్తాన్ని ఇలాగే పరీక్షిస్తారు. మన దగ్గర మామూలుగా ముందు ద్రావణీయత పరీక్ష చేస్తారు. రక్తాన్ని ఒక ద్రావణంలో కలిపి అది మసకబారుతుందా అని చూస్తారు. మసకబారితే వాహకులా, వ్యాధి ఉన్నవాళ్ళా అని తేల్చడానికి ఇంకో పరీక్ష కావాలి. మొదటి పరీక్ష ఆ రెండిటినీ విడదీయలేదు కాబట్టి రెండోది మానెయ్యకూడదు. వాహకులు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, అది అంటుకునేది కూడా కాదు. ఎవరైనా పక్కన కూర్చోడానికి వెనకాడితే వాళ్ళకి ఈ పేరా చూపించండి.

ఇప్పుడు మీ వంతు. ఒకటి, బోరాన్ భారం 10.8. దాని ఐసోటోపులు 10, 11 మాత్రమే. నూటికి ఎన్ని ఏవి? రెండు, బ్రోమిన్ భారం దాదాపు 80, కాని స్పెక్ట్రోమీటర్‌లో 80 దగ్గర బ్రోమిన్ పరమాణువు గీత ఉండదు. 79, 81 దగ్గర దాదాపు సమానమైన గీతలు వస్తాయి. మరి బ్రోమిన్ జంటల్ని తూస్తే ఎన్ని గీతలు, ఎక్కడెక్కడ, ఏ నిష్పత్తిలో? మూడు, క్లోరిన్ పెట్టిన యంత్రంలో 18.5 దగ్గర సన్నని గీత కనబడింది. అదెవరు? జవాబులు పేరు, తరగతి రాసి గోడపత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో శనివారం లోపల వెయ్యండి. లెక్క చేసిన దారి కూడా రాయాలి, ఉత్త జవాబు చెల్లదు. సరైనవి వచ్చే సంచికలో అతికిస్తాం.